ఒబోరోయా తోడు

గెంపాచి బస్సు దిగి వచ్చేసరికి సుమినొ కురాలో, సారా పులియబెట్టే ఆ పాత కొట్టంలో, నేల ఊడుస్తోంది. మంచు కరిగే రోజులు. పెంకుల మీది నీళ్లు చూరు పొడుగునా దారాలు వేలాడదీసినట్టు కారుతున్నాయి. ఆ నీటి తెర అవతల నిలబడి ముసలాయన సంచీలోంచి రబ్బరు బూట్లు తీసి తొడుక్కున్నాడు. నడుముకి తువ్వాలు బిగించుకున్నాడు. అప్పుడుగానీ గుమ్మం దగ్గరికి రాలేదు.

"చిన్నమ్మగారూ, ఇక బయటికి రండి," అన్నాడు.

సుమినొకి యాభై దాటి చాలా కాలమైంది. ఆమెను ఇంకా చిన్నమ్మగారని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కడే.

"ఇంకో మూల మిగిలింది పెద్దయ్యా. ఊడ్చేసి వస్తాను."

"మూలలు నేను ఊడ్చుకుంటాను. తోడు పెట్టే గదిలోకి ఆడవాళ్లు రాకూడదు. మీకు తెలీందేముంది!"

"నిన్నటిదాకా రోజూ ఊడ్చింది నేనేగా? టిక్కెట్టు కొనుక్కొచ్చిన ఆడవాళ్లని ఇక్కడే నిలబెట్టి ఫోటోలు కూడా తీశాను."

"నిన్నటిదాకా ఇది మ్యూజియం. ఇవాళ్టి నుంచి మళ్లీ కురా."

ఆయన కోపంగా అనలేదు. జల్లు లోపలికి కొడుతోంది, తలుపు వెయ్యమ్మా అన్నట్టు అన్నాడు, అంతే. సుమినొ చీపురు ఆయన చేతికిచ్చి బయటికి వచ్చేసింది. వచ్చి, చూరు నీళ్లు భుజం మీద పడ్డాక గానీ, అసలు తను ఎందుకు వచ్చేసిందో ఆలోచించలేదు.

ఒబోరోయా అనే ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. కురా తలుపు అవతల పాటలు పాడుతూ మనుషులు బియ్యపు సారా, సాకే, పులియబెడుతుంటే, ఇవతల గోడకి చెవి ఆనించి పెరిగింది. పని పట్నం చివర ఉక్కు తొట్ల కార్ఖానాకి మారిపోయి, తమ్ముడు తకెనోరి దాన్ని చూసుకోవడం మొదలుపెట్టాక, పాత కురాని ప్రభుత్వం వారసత్వ సంపద అంది. అప్పుడే ఆమె మొదటిసారి ఆ తలుపు దాటింది. అప్పటికి లోపల తొట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి.

ఇప్పుడు దూలాలకి పుప్పి పట్టింది. రోజూ పొద్దున్నే నేల మీద మెత్తటి చెక్కపొడి రాలి ఉంటోంది. కురా మొత్తాన్ని గుడారంలా కప్పేసి లోపలికి గ్యాసు వదలాలని అధికారులు నిర్ణయించారు. పురుగు, బూజు, ఊపిరి తీసుకునేది ఏదైనా సరే, మిగలదు. ఆ మాట విన్నాకే తకెనోరికి గుర్తొచ్చింది. ఒబోరోయా సాకేని పులియబెట్టిన కంటికి కనబడని ప్రాణి, అది కూడా ఆ దూలాల్లోనే కదా ఉండేది! కార్ఖానాలో వాడేది సీసాల్లో కొనుక్కొచ్చిన తోడు. దేశంలో సగంమంది వాడేదీ అదే. గ్యాసు వదిలేలోపు ఆ గదిలో తొట్లు తెరిచిపెట్టి పాత తోడుని పట్టుకోవాలి. అది చేతనైనవాడు కొండవతలి ఊళ్లో కొత్తిమీర పెంచుకుంటున్న గెంపాచి ఒక్కడే. ఒబోరోయాకి ఆఖరి తోజి. పనివాళ్లందరికీ పెద్ద.

మధ్యాహ్నం తకెనోరి వ్యానులో కార్ఖానా నుంచి కోజి తెచ్చాడు. బియ్యం మీద తెల్లటి బూజు పెంచిన ఆ గింజలు వేయించిన చెస్ట్‌నట్ పప్పులా కమ్మగా వాసనేస్తున్నాయి.

"అక్కా, ఏమీ అనుకోకు. ఈ కొద్దిరోజులూ పెద్దాయన చెప్పినట్టు నడుచుకో," అన్నాడు గొంతు తగ్గించి.

"నడుచుకుంటూనే ఉన్నా కదరా, పుట్టినప్పట్నుంచీ," అంది సుమినొ.

తకెనోరి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

చలికాలం దాటిపోయింది కాబట్టి గెంపాచి వెనకటి సన్యాసుల పద్ధతి పట్టాడు. పచ్చి బియ్యం నీళ్లలో పోసి, గుప్పెడు అన్నం గుడ్డలో మూటగట్టి అందులో వేశాడు. రోజూ ఆ మూటని నీళ్లలోనే పిసికేవాడు. గది తలుపు వేసే ఉండేది. లోపల్నుంచి ఆయన పాట వినిపించేది. ఒకప్పుడు పదిమంది గొంతులు కలిపి పాడిన పాట; ఇప్పుడు ఒక్క గొంతు, మధ్యమధ్యలో దగ్గు. సుమినొ వంటింట్లో ముల్లంగి తరుగుతూ కత్తి ఆపేసి వినేది. కిటికీలోంచి పడే ఎండలో పొయ్యి పొగ నిదానంగా మెలికలు తిరిగేది. అలా వింటూ కూర్చుంటే ఇప్పుడెవరో వచ్చి "నీళ్లు పెట్టావా, సంచులు ఉతికావా" అని అరుస్తారని ఆమెకు అనిపించేది. ఆ అరిచే మనుషులంతా ఎప్పుడో పోయారు.

నీళ్లు పులిశాయి. గెంపాచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి చిన్న గిన్నెలో ఆమెకి చూపించాడు. పెరుగు మీద తేటలా ఉంది, పులుపు వాసన ముక్కుకి తగులుతోంది.

"ఇక ఈ బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించాలి. లోపల పొయ్యి వెలిగించకూడదట కదా?"

"వారసత్వం కదండీ. అగ్గిపుల్ల కూడా గీయకూడదు."

"మరి మీ వంటింట్లో?"

"ఇది లెక్కలో లేదు. ఎంతైనా వెలిగించుకోవచ్చు."

నిజంగానే అది లెక్కలో లేదు. ఆ ముందురోజే వారసత్వ శాఖ నుంచి ఫుజినుమా అనే అమ్మాయి వచ్చి, గుడారం ఎక్కడిదాకా కప్పాలో నీలం టేపు అంటించుకుంటూ వెళ్లింది. ముప్పై దాటని పిల్ల, తల మీద ఇనప టోపీ, ప్రతి మాటకీ ముందు ఒకసారి తల వంచే అలవాటు. కురా వెనక గోడకి ఆనుకుని మట్టినేలతో, పొగచూరిన వాసాలతో పొడుగ్గా ఉండే వంటింటి గుమ్మం దగ్గర ఆమె టేపు ఆగిపోయింది.

"ఇక్కడిదాకానేనండీ. వంటిల్లు ఎప్పుడు కట్టారో ఎక్కడా ఆధారం లేదు. తర్వాత తగిలించిన వసారా అని నివేదికలో ఉంది," అంది ఫుజినుమా.

"అయితే నేను పొయ్యి దగ్గర నిలబడితే దేనికీ కొరగాను. ఇటు ఒక అడుగేస్తే దేశసంపదని."

ఫుజినుమా చెవులు ఎర్రబడ్డాయి. "గ్యాసు పని అయిపోయాక దీన్ని తీసేసి మరుగుదొడ్లు, చక్రాల కుర్చీలకి దారి కడతారు. మీ తమ్ముడుగారు సంతకం పెట్టారు. మీకు తెలుసు కదా?"

"తెలుసమ్మా. మంచిదేగా. వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ."

నిరుడు తకెనోరి చెప్పినప్పుడు కూడా ఆమె ఇదే మాట అంది. అప్పుడూ మనస్ఫూర్తిగానే అంది.

బియ్యం ఉడికిన పొద్దున వంటిల్లంతా ఆవిరి. వాసాలు కనబడలేదు, పొయ్యి కనబడలేదు; తెల్లటి మబ్బులో తన చేతులు మాత్రం కనబడ్డాయి సుమినొకి. గెంపాచి గుమ్మం అవతలే నిలబడి చెయ్యి చాపాడు. ఆమె గుప్పెడు వేడి మెతుకులు ఆ అరచేతిలో వేసింది. ఆయన రెండో అరచేతి మొదలుతో నొక్కి, నలిపి, అప్పడంలా చేసి వెలుతురుకి పట్టాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం ఉడికాక మళ్లీ చెయ్యి చాపాడు. ఆ వేళ్లు వణకడం ఆమె అప్పుడు చూసింది.

"దేని కోసం చూస్తారు పెద్దయ్యా అందులో?"

"నేను చూడను. చెయ్యే చూస్తుంది. ఇక దించండి."

తట్టలకెత్తి ఆమె గుమ్మం దాకా మోసింది; ఆయన అందుకుని లోపలికి మోశాడు. మెతుకులు చల్లార్చడం, కోజి కలపడం, పులిసిన నీళ్లు పోయడం, తెడ్డు వెయ్యడం, అన్నీ తలుపు వెనకే జరిగాయి. పని అయ్యాక ఆవిరి గుడ్డకి అంటుకున్న మెతుకులూ, తట్ట అడుగున మిగిలిన కాస్త కోజీ, బిందెలో నాలుగు చెంబుల పుల్లనీళ్లూ ఆమె దగ్గరికి తిరిగొచ్చాయి, కడగడానికి. పారబోయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఊరగాయలు పెట్టే నీలం జాడీ ఒకటి ఖాళీగా ఉంటే, గీకిందంతా అందులో వేసి, గుడ్డ కప్పి, పొయ్యి పక్క చెక్క మీద పెట్టింది.

గుమ్మం దగ్గర చెంబు కోసం వచ్చిన గెంపాచి అది చూశాడు.

"ఏంటమ్మా అది?"

"ఊరికే. పారెయ్యడం ఎందుకని."

"నాలుగురోజులాగితే తియ్యటి జావ అవుతుంది. వీధి పిల్లలకి పోయండి," అన్నాడు. "మూత గట్టిగా పెట్టకండి. అయినా తోడుకి సర్కారు అనుమతి లోపలి తొట్లకే ఉంది. అది గనక నిజంగా పొంగితే పోలీసులు మిమ్మల్నే పట్టుకుపోతారు." తన హాస్యానికి తనే నవ్వుకుంటూ వెళ్లాడు.

తర్వాత ఎదురుచూపులు.

తోడు ఎప్పుడు లేస్తుందో ఎలా తెలుస్తుందని సుమినొ అడిగింది, అన్నం పళ్లెం గుమ్మం మీద పెడుతూ. చెవితో తెలుస్తుందన్నాడు గెంపాచి. మొదటిరోజు చప్పుడు సన్న వాన పడినట్టుంటుందట. కొత్తగా పనికొచ్చినవాళ్లు వాన అనుకుని కిటికీ తెరిచి చూసేవాళ్లట. "నేనూ చూశాను," అన్నాడు. "మా తోజి నెత్తిన ఒక్కటిచ్చాడు."

మొదట్లో ఆయన పళ్లెం ఖాళీగా తిరిగొచ్చేది. మంచు కింద నుంచి అప్పుడే తలెత్తిన ఫుకి మొగ్గలు కోసి సోయా ముద్ద మీసోలో నూరి పెడితే చేదుగా ఉన్నా నాకి మరీ తిన్నాడు. తర్వాత పళ్లెం సగమే ఖాళీ అవడం మొదలైంది. పాట తగ్గింది. ఒకరోజు పాటే లేదు. సుమినొ తలుపు సందులోంచి చూసింది. ముసలాయన తొట్టికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో దాన్ని వాటేసుకుని ఉన్నాడు. పై కిటికీలోంచి వెలుతురు కోలగా పడి ఆయన తెల్ల జుట్టు మీద ఆగింది. నిద్రపోతున్నాడో వింటున్నాడో తెలియలేదు. ఆమె చప్పుడు చెయ్యకుండా వచ్చేసింది.

"ఏమంటోంది పెద్దయ్యా?" అంది సాయంత్రం.

"ఏమీ అనడం లేదు." ఆయన ఆమె వైపు చూడలేదు. "వాసన కూడా... వార్నీషు డబ్బా మూత తీసినట్టుంది. ఇన్నేళ్లు పడుకుంది కదా. లేవడానికి టైము పడుతుందిలెండి."

గ్యాసువాళ్లు అప్పటికే వచ్చి ముందు వాకిట్లో తెల్లటి గుడ్డ చుట్టలు దించి వెళ్లారు. అవి మిగిలిపోయిన మంచు కుప్పల్లా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం సుమినొ వంటింట్లో పీట మీద కూర్చుని ఫుకి మొగ్గలు బాగుచేస్తోంది. ఎండ నేల మీదికి వచ్చి ఆమె పాదాల దాకా పాకింది. చేతుల్లో పని ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. వాన మొదలైంది. సన్నటి వాన, ఆకుల మీద పడేలాంటిది. తాడు మీద బట్టలున్నాయే అనుకుంది. లేవాలనుకుంది. ఎంతసేపటికో లేచి, చెప్పులేసుకుని, పెరట్లోకి వెళ్లింది.

బయట ఎండ. బట్టలు ఫెళఫెళలాడుతూ ఎండిపోయి ఉన్నాయి. చూరు నీళ్లు కూడా ఆగిపోయాయి. ఆకాశంలో చిన్న మబ్బు లేదు.

లోపలికి వచ్చింది. లోపల వాన పడుతూనే ఉంది.

ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది. తర్వాత ఒక్కొక్క అడుగే వేస్తూ పొయ్యి పక్కకి వెళ్లి, జాడీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గుడ్డ కొద్దిగా ఉబ్బి ఉంది. తీసింది. జాడీ నిండా పాలనురగ. ఒక బుడగ పగిలితే రెండు లేస్తున్నాయి. అవి పగిలే చప్పుడే అంతా. మొహం దగ్గరగా వంచగానే పియర్ పండు కోసినట్టు, దాని వెనకే తడిసిన దేవదారు చెక్కలా, ఒక వాసన. నాన్న పని అయిపోయి కురాలోంచి వచ్చి ఆమెని ఎత్తుకున్నప్పుడు ఆయన చొక్కాకి ఉండే వాసన అది.

ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే భయమేసింది. లోపల ఆ ముసలాయన తిండి మానేసి తొట్లని కౌగిలించుకుని కూర్చున్నాడు. అక్కడ రానిది, ఊరగాయ జాడీలోకి ఎలా వచ్చిందని చెప్పడం? గుడ్డ కప్పేసింది. మళ్లీ తీసి చూసింది. ఎవరిదో వస్తువు ఎత్తుకొచ్చి దాచినట్టు గుండె కొట్టుకుంటోంది. అలా ఎండ పాదాల మీంచి గోడ మీదికి ఎక్కిందాకా కూర్చుంది. అంతసేపూ అది ఆమె ఒక్కదానిదే. అంతసేపు ఏదైనా తన ఒక్కదానిదే అయి ఉండటం ఆమెకి గుర్తులేదు.

తర్వాత లేచి కురా గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, ఒకసారి వంటింట్లోకి వస్తారా?"

గెంపాచి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఆకలి లేదమ్మా."

"అన్నానికి కాదండీ."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, ఆయన లేచాడు. ఇన్నేళ్లలో ఆయన ఒబోరోయా వంటింటి మట్టినేల మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. పనివాళ్లకి భోజనం పక్కన చెక్కగదిలో. పళ్లేలు చేతులు మారి వచ్చేవి, ఆ చేతులెవరివో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆయన లోపలికి వచ్చి రెండడుగులు వేసి, ఆగి, తల ఒక పక్కకి వంచాడు. విన్నాడు. కిటికీ వైపు చూశాడు.

"వాన కాదు పెద్దయ్యా."

ఆయన జాడీ ముందు కూలబడ్డాడు. గుడ్డ ఆమే తీసింది. చిటికెనవేలితో నురగ తీసి నాలిక మీద పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తీసి పెట్టుకున్నాడు.

"అదే," అన్నాడు. "చిన్నమ్మగారూ, అదే ఇది."

తర్వాత లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు, కొత్తగా అద్దెకొచ్చినవాడు ఇల్లు చూసుకున్నట్టు. మీసో పీపాల మీద చెయ్యి వేశాడు. తలెత్తి వాసాల కింద కట్టిన వెదురు గెడలు చూశాడు. వాటి మీద ఇప్పుడు ఎండు ముల్లంగులు వేలాడుతున్నాయి.

"ఈ గెడల మీద ఏం ఆరేసేవాళ్లు?"

"మీ గుడ్డలేనండీ. అన్నం ఆరబోసేవి, సాకే పిండే సంచులు. అమ్మా, నేనూ, పనమ్మాయిలూ రోజూ ఉతికి ఇక్కడే వేసేవాళ్లం. బయటేస్తే గడ్డకట్టుకుపోయేవి కదా. రాత్రంతా మా మీద చుక్కలు చుక్కలుగా కారేవి."

"ఈ గోడలు ఎప్పుడైనా కడిగించారా?"

"ఎవరు కడుగుతారు? ఇది లెక్కలో లేదన్నానుగా."

"మరి అక్కడ?"

సుమినొకి అప్పుడు అర్థమైంది. "మ్యూజియం చేసినప్పుడు మనుషులొచ్చి నెల్లాళ్లు తోమారు పెద్దయ్యా. గోడల మీది నలుపంతా పోగొట్టారు. దూలాలకి ఏదో మందు పూశారు. అద్దంలా తయారైంది. వాళ్లకి రోజూ టీ పెట్టి ఇచ్చింది నేనే."

గెంపాచి పొయ్యి గట్టు మీద కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని సుమినొ దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా, కళ్లవెంట నీళ్లు కారుతుండగా.

"అయితే ఇన్నిరోజులూ మిమ్మల్ని ఆపి నేను కాపలా కాసింది ఖాళీ గదికా?"

"ఇప్పుడు ఖాళీ అయింది. అప్పుడు కాదులెండి."

"అప్పుడూ సగం ఇక్కడే ఉండేదేమో. మాకేం తెలుసు!" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి పొట్టి తెడ్డు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "పట్టుకోండి. ఈ తోడు మీ చెయ్యి ఎరిగింది. నా చెయ్యి ఎట్లాగూ నిలవడం లేదు."

సుమినొ తెడ్డు జాడీలోకి దించి తిప్పింది.

"అది చారు కాదు! గుండ్రంగా తిప్పుతారేంటి? అడుగు నుంచి పైకి తేవాలి. అబ్బబ్బ, నురగ చంపకండి! మోచేతుల్లో బలం లేదా? ఏం తిన్నారు పొద్దున?"

గెంపాచి గట్టిగా అరుస్తున్నాడు. కురా లోపలి వాళ్లెవరూ ఏనాడూ ఆమె మీద ఇలా అరవలేదు. చిన్నమ్మగారూ చిన్నమ్మగారూ అంటూ తప్పుకుపోయేవాళ్లే. చెమట పట్టేదాకా తిట్లు తింటూ తెడ్డు వేసింది సుమినొ. పెదవులు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

కబురు విని తకెనోరి కార్ఖానా నుంచి ఉక్కు క్యాను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వంటింటి తలుపు దగ్గరే వాసన తగిలి, ఒక్క క్షణం చిన్నపిల్లాడి మొహం పెట్టాడు.

"అక్కా! ఇది... ఇది నాన్న కదా!" అన్నాడు. అంతలోనే తేరుకుని క్యాను మూత తిప్పాడు. "మొత్తం ఇందులో పోసెయ్. ల్యాబులో వేరు చేయించి, చల్లటి గదిలో భద్రం చేసేస్తాను. ఇక ఏ బెంగా లేదు."

"ఒక గరిటెడు పట్టుకెళ్లు."

"గరిటెడా?"

"నీకు అది చాలుగా, వేరు చేయించడానికి. మిగతాది ఇక్కడుంటుంది."

"ఇక్కడంటే ఎక్కడ? ఈ వంటిల్లు పడగొట్టేస్తున్నారు కదక్కా!"

"పడగొట్టనివ్వను."

ఆ మాట ఆమె మెల్లగానే అంది. తెడ్డు చివర నుంచి నురగ నేల మీదికి ఒక చుక్క జారింది. తకెనోరి తనకి సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు చూశాడు.

"సంతకాలు అయిపోయాయి."

"నీవి అయ్యాయి. నన్నెవరూ అడగలేదు. అడిగుంటే నేనూ పెట్టేదాన్నేలే. ఇప్పుడు పెట్టను."

"అక్కా, నీకేమైంది? దీన్ని రోజూ ఎవరు చూస్తారు? ఇది ఊరగాయ కాదు."

"నేర్చుకుంటున్నాను. ఇందాకట్నుంచీ తిట్లు తింటున్నాను."

తకెనోరి సాయం కోసం గెంపాచి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి పెద్దాయనా."

"నన్ను చూస్తారేంటి బాబూ?" గెంపాచి పొయ్యిలో ఒక కట్టె ముందుకి తోశాడు. "అక్కడ పెద్దని నేనే, కాదన్ను. ఇక్కడ కాదు."

తకెనోరి క్యాను కింద పెట్టాడు, మళ్లీ ఎత్తాడు. చివరికి అల్మారాలోంచి గాజు సీసా ఒకటి తీసి అక్క ముందు పట్టుకున్నాడు. సుమినొ గరిటెతో పోసింది. ఒక గరిటె పోసి, వాడి మొహం చూసి, ఇంకొకటి పోసింది.

మర్నాడు ఫుజినుమా గుడారం పని చూడటానికి వచ్చింది. సుమినొ ఆమెని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి జాడీ పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల టోపీ తీసేసి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని వంగింది. అలా చాలాసేపు ఉండిపోయింది.

"నిద్రొస్తోందండీ," అంది చివరికి, సిగ్గుపడుతూ. "మా అమ్మమ్మ ఇంట్లో పడుకున్నట్టుంది."

సుమినొ జరిగింది చెప్పింది. ఫుజినుమా గుమ్మం దగ్గరి నీలం టేపు చూసింది, వాసాలు చూసింది.

"ఈ టేపు ఇటు జరిపితే వంటిల్లు వారసత్వం లోపలికి వస్తుంది. ఎవరూ పడగొట్టలేరు. కానీ గ్యాసు కూడా లోపలికి వస్తుంది. ఆ తర్వాత గోడలు తోమేవాళ్లు..." ఆమె ఆగిపోయింది.

"వద్దమ్మా. టేపు అక్కడే ఉండనీ. ఎవరి లెక్కలోనూ లేకపోబట్టే బతికింది."

"మరి పడగొట్టేవాళ్లు..." ఫుజినుమా టోపీ చేతుల్లో తిప్పింది. "వాళ్లు నేను పిలిస్తేనే వస్తారండీ. పిలవమని నాకు పైనుంచి గుర్తుచేసేవాళ్లు ఎవరూ లేరు. నేను కాస్త మరుపు మనిషిని."

"ఎంత మరుపు?"

"చాలా," అంది, అలవాటుగా తల వంచి.

గ్యాసు వదిలిన రోజుల్లో చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు. కురాలోంచి వంటింట్లోకి తెరుచుకునే తలుపు సందులన్నీ మూసి అంటించేశారు. జాడీని ఎక్కడికో తీసుకుపోక తప్పదు. తెడ్డు వెయ్యడం మానకూడదు కాబట్టి మా ఇంటికి రండి అన్నాడు గెంపాచి. మా ఆవిడ మంచిదే, నేనే కాదు అన్నాడు.

వాళ్లు బస్సెక్కేసరికి కురా తెల్లటి గుడ్డ కింద పూర్తిగా మునిగిపోయింది. మంచు అంతా కరిగి, ఒక్క ఆ ఇంటి మీదే కురిసినట్టుంది. దాని వెనక వంటింటి కప్పు ముక్క మాత్రం నల్లగా బయటికి కనిపిస్తోంది. సుమినొ వెనక్కి తిరిగి చూస్తుండగానే బస్సు మలుపు తిరిగింది.

జాడీని దూది కోటులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఒలికితే ఊరుకోనని డ్రైవరు అన్నాడని మూత పెట్టి తాడుతో కట్టింది. గెంపాచి కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కొండ ఎక్కుతుంటే చెర్రీ చెట్లు పూసి ఉన్నాయి, వాటి మొదళ్లలో ఇంకా మంచు. పూలు గాజు మీదికి వచ్చి అంటుకుని, జారిపోతున్నాయి. కాళ్ల దగ్గర హీటరు వెచ్చగా కొడుతోంది. చేతుల కింద జాడీ సన్నగా వణుకుతోంది. లోపల వాన పెద్దదైంది. సుమినొకి కళ్లు బరువెక్కాయి.

ఒళ్లో తడి తగిలి మెలకువ వచ్చింది. మూత అంచుల్లోంచి తెల్లగా పొంగుతోంది.

"పెద్దయ్యా!"

గెంపాచి ఉలిక్కిపడి లేచాడు. "తాడు విప్పండి! విప్పండి, పగిలిపోతుంది! మూత గట్టిగా పెట్టొద్దని మొన్నే చెప్పానా లేదా?"

ముడి బిగుసుకుపోయింది. ఆమె పళ్లతో లాగింది. మూత ఎగిరి నడవలో పడి దొర్లుకుంటూ డ్రైవరు సీటు దాకా పోయింది. నురగ జాడీ దాటి, ఆమె చేతులు దాటి, కోటు మీదా, చీలమండల మీదా, బూట్లలోకీ దిగింది. సుమినొ రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. వేళ్ల సందుల్లోంచి కూడా వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక ఆమె పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటది వెనక?" డ్రైవరు అద్దంలోంచి అరిచాడు.

"తోడు!" అన్నాడు గెంపాచి.

"ఎవరికి తోడు?"

అప్పటికి వాసన బస్సంతా నిండింది. ముందు సీట్లో బడిపిల్లలు ఇద్దరు వెనక్కి తిరిగారు. నడవకి అటుపక్క ఉల్లికాడల కట్ట పెట్టుకుని కూర్చున్న ముసలావిడ ముక్కు పైకెత్తి, కళ్లు మూసుకుని, మెల్లగా ఊపిరి పీల్చింది.

"ఒబోరోయా," అంది. కళ్లు తెరిచి సుమినొ వైపు చూసింది. "ఇది ఇంకా ఉందా?"

"ఉందండీ," అంది సుమినొ. నురగ నిండిన అరచెయ్యి నడవకి అటువైపు చాపింది. ముసలావిడ తన వేలు అందులో ముంచి నోట్లో పెట్టుకుంది.

డ్రైవరు అక్కణ్నుంచి కొండ దిగేదాకా మలుపులన్నీ నెమ్మదిగా తిప్పాడు.